లెక్కలోకి వచ్చిన మనిషి



స్మారకోపన్యాసానికి మన దగ్గర ఒక వరస ఉంది. మొదటి పావుగంట పోయినవారి గుణగణాలు, ఆ తర్వాత వక్తగారి సొంత గొడవ. ఈసారి ఆ రెండింటినీ విడదీయడం నాకు చేతకాలేదు. మీరు నాకిచ్చిన విషయం 'నిత్యజీవితంలో ఆత్మగౌరవం, కృతజ్ఞత'. మనం ఇవాళ తలచుకుంటున్న మాస్టారు పగలు బడిలో పిల్లలకూ, రాత్రి రామాలయం అరుగుమీద వాళ్ల అమ్మలకూ చదువు చెప్పిన మనిషి. నేను ఆ పక్క ఊళ్లో బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్న మనిషిని. ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్లే కొన్నాళ్లకు నా దగ్గరికొచ్చి సంతకాలు పెట్టేవారు. కాబట్టి నేను చెప్పేదంతా ఆయన గురించే అనుకున్నా తప్పులేదు.

ఈ విషయం మీద ఇప్పుడు పుస్తకాలకు కొదవ లేదు. రైల్వే స్టేషన్లో పుస్తకాల కొట్టు ముందు నిలబడితే సగం అట్టల మీద ఇదే మాట. పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన మంచి రాసుకోమంటాయి, పొద్దున లేచి అద్దం ముందు నిలబడి మిమ్మల్ని మీరు మెచ్చుకోమంటాయి. వెక్కిరించడానికి చెప్పడం లేదు. దీని వెనక కొంత శాస్త్రం ఉంది. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెక్‌కలో అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ పరిశోధన ఒకటి ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల్లో కొందరిని ఆ వారం తమకు జరిగిన మేళ్లు రాయమన్నారు, ఇంకొందరిని చిరాకు పెట్టినవి రాయమన్నారు. పది వారాలు సాగింది ఆ పని. మేళ్లు రాసుకున్నవాళ్లు తమ బతుకు బాగుందని మిగతావాళ్లకంటే ఎక్కువగా చెప్పారు.

ఆ ఫలితాన్ని నేను కాదనను. నా పేచీ వేరే. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్న ఆ విద్యార్థికి హాజరుపట్టీలో పేరుంది, జేబులో గుర్తింపు కార్డుంది, ఏదైనా జరిగితే అడిగేవాళ్లున్నారు. అతను ముందే లెక్కలో ఉన్న మనిషి. ఇంట్లోనూ పొలంలోనూ ఎవరి లెక్కలోనూ లేని మనిషిని పిలిచి, నీకు జరిగిన మేళ్లు లెక్కపెట్టుకోమ్మా అంటే ఆమె ఎక్కడ మొదలుపెట్టాలి? పేదవాళ్లకు కృతజ్ఞత బోధించడం మన దేశంలో పాత అలవాటు. ఉన్నదానితో తృప్తిపడు, పెట్టినవాణ్ణి మరిచిపోకు అని. చెప్పేవాడెప్పుడూ పెట్టినవాడే అయ్యుంటాడు, అది గమనించండి.

నెల్లూరు జిల్లా ఆడవాళ్లు 1990ల మొదట్లో వేరే లెక్క మొదలుపెట్టారు. ఇక్కడున్న పెద్దవాళ్లలో చాలామందికి ఇది కళ్ల ముందు జరిగిన కథే, కానీ వెనక వరసల్లో కాలేజీ పిల్లలు కనబడుతున్నారు, వాళ్ల కోసం చెబుతాను. అప్పటికి కొన్నేళ్లుగా సారా ప్యాకెట్లలో వస్తోంది. 'వారుణి వాహిని' అని పేరు పెట్టి సర్కారే సరఫరా చేసింది. అంతకుముందు తాగాలంటే సారా కొట్టుదాకా నడవాలి. ప్యాకెట్టు వచ్చాక ఆ శ్రమ తప్పింది, సారానే ఇంటి ముంగిట్లోకి నడిచొచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తోంది. చదువుకునే పుస్తకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం పెట్టారు. తాగుబోతు మొగుడితో వేగలేక ప్రాణం తీసుకున్న ఆడమనిషి కథ అది. 

పాఠం చదవడం ఒక ఎత్తు, ఆ తర్వాత అరుగుమీద జరిగే చర్చ ఒక ఎత్తు. కూలి ఎంతొస్తోంది, అందులో ప్యాకెట్టుకెంత పోతోంది, ఉప్పుకీ పప్పుకీ ఎంత మిగులుతోంది? పలకమీద రాసి కూడికలూ తీసివేతలూ చేయిస్తారు. తీసివేత అయ్యాక పలకమీద మిగిలింది చూస్తే తెలుస్తుంది, ఇన్నాళ్లూ ఇల్లు నడిచింది తమ కష్టంమీదేనని. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ ఊరి వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. తర్వాతి వాచకంలో దూబగుంట కథే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠం అయింది. అది చదివి పక్క ఊళ్లు లేచాయి. చీపురుకట్టలూ కారప్పొడీ పట్టుకుని సారా వేలంపాటల దగ్గరికి పోయారు, పాటలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లకు దాన్ని సడలించారనుకోండి. ఆ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు, ఊరి సెంటరుకు వెళ్తే తెలుస్తుంది.

ఒక వాచకంలోని పాఠం ప్రభుత్వాలను కదిలించిందని చెబితే బయటివాళ్లు నమ్మరు. కదిలించింది పాఠం కాదని నాకూ తెలుసు. తమ కష్టానికి ఖరీదెంతో తమ చేత్తో రాసుకుని చూసుకోవడం కదిలించింది. ఆత్మగౌరవమన్న మాట మన ఉపన్యాసాల్లో బాగా గాలిలో తేలుతుంది. నేను చూసినంతవరకూ దాని పుట్టుక ఇలాంటి చిన్న లెక్కలోనే. నువ్వు గొప్పదానివమ్మా అని ఎవరో వచ్చి చెబితే ఆ పూటకు బాగుంటుంది, తెల్లారేసరికి మరిచిపోతాం. నా చేతుల మీదుగా ఇంత జరుగుతోంది అని నాకు నేను తేల్చుకున్నది మాత్రం మళ్లీ పోదు.

ఆ ఉద్యమం వెనకే పొదుపు వచ్చింది. రోజుకో రూపాయి. సారాకు పోయే డబ్బు ఆగింది గదా, అందులో రూపాయి పక్కన పెట్టమన్నారు. 'పొదుపు లక్ష్మి' అన్నారు దాన్ని, తర్వాత డ్వాక్రా సంఘాలు, స్వయం సహాయక సంఘాలు. 1992లో నాబార్డు దేశంలో 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. మా శాఖకు అలా వచ్చారు వాళ్లు.

అప్పటిదాకా మా కౌంటరు పక్క గోడ ఎలా ఉండేదో చెప్పాలి. సున్నం వేసిన గోడ, మనిషి మోచేయి ఎత్తున బెత్తెడు వెడల్పు పట్టీ మొత్తం ఊదారంగు. వేలిముద్ర వేసినవాళ్లు బొటనవేలికి అంటిన సిరాను ఆ గోడకు రాసి పోయేవారు. ఏటా సున్నం కొట్టించేవాళ్లం, నెల తిరగకముందే మళ్లీ ఊదారంగు. పనిలో ఉన్న గుమాస్తా అవతలి మనిషి వేలు తనే పట్టుకుని, ప్యాడ్ మీద ఒత్తి, కాగితం మీద దొర్లించి వదిలేసేవాడు. అందులో దురుసుతనం లేదు, పని తొందర అంతే. కానీ ఆ వేలు ఆ కాసేపు ఆ మనిషిది కాదు.

ఒక సంఘం ఖాతా తెరవడానికి ముగ్గురు వచ్చారు. అధ్యక్షురాలి వయసు యాభై దాటి ఉంటుంది, వేరుశనగ చేలో పనిచేసి చేసి వేళ్లు కాయలు కాశాయి. మా గుమాస్తా అలవాటు చొప్పున స్టాంపు ప్యాడ్ తెరిచి ముందుకు జరిపాడు. ఆమె దాన్ని వెనక్కి జరిపింది, పెన్ను అడిగింది. నమూనా సంతకాల కార్డు మీద అక్షరం తర్వాత అక్షరం, మధ్యలో తలకట్టు మరిచిపోయి వెనక్కొచ్చి పెట్టి, పేరు రాసింది. ఎంత గట్టిగా ఒత్తిందంటే కింద ఉన్న రెండు కాగితాల మీదా అచ్చుపడింది. రాసి, పెన్ను మూత పెట్టి, కుడిచేతి బొటనవేలు తీసుకెళ్లి గోడకు రాసింది. వేలికి సిరా లేదు. ఆ సంగతి తెలిసి తనే నవ్వింది. కార్డులో సంతకం మూడుచోట్ల చేయాలి. నేను చెప్పేలోపే, "ఇంకోసారి రాసేదా సారూ?" అంది, ఇంకా రాయాలని ఉన్నట్టు.

పక్కనున్న కోశాధికారి, "నాదీ చూడు సారూ, నేనైతే ఇంటిపేరుతో కలిపి రాస్తా" అంది. ఆ రోజు బ్యాంకు లెక్కలు మూసేసరికి ఆలస్యమైంది. ఎవరూ విసుక్కోలేదు.

ఇక కృతజ్ఞత సంగతి. సంఘాలకు ఒక తీర్మానాల పుస్తకం ఉంటుంది, అప్పు మంజూరు ముందు మేం దాన్ని తిరగేసేవాళ్లం. ఎవరు హాజరయ్యారు, ఎంత పొదుపు కట్టారు, ఎవరికి ఎంత అప్పు, నూటికెంత వడ్డీ. అన్నీ ఒకే మూస. అలాంటి పుస్తకంలో ఒకచోట ఒక తీర్మానం కనబడింది. మేం సమావేశాలు పెట్టుకున్నప్పుడల్లా మా పిల్లల్ని కనిపెట్టుకున్న ఫలానా అవ్వకు పండక్కి సంఘం వడ్డీ డబ్బుల్లోంచి చీర పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. కింద పదిహేను సంతకాలు. ఆ అవ్వ సంఘంలో సభ్యురాలు కాదు, పొదుపు కట్టే వయసూ ఓపికా లేవు. ఇన్నాళ్లూ ఆ వీధిలో అందరి పిల్లలూ ఆమె దగ్గరే పెరిగారు, ఎవరూ దాన్ని పని అనుకోలేదు. ఈ ఆడవాళ్లు తమ పనికి విలువ కట్టుకోవడం నేర్చుకున్నాక ఆమె పని వాళ్ల కళ్లకు కనబడింది.

నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మనం వీటిని రెండు వేరు గుణాలుగా చూస్తాం. ఆత్మగౌరవం తలెత్తుకోవడమనీ, కృతజ్ఞత తలవంచుకోవడమనీ, ఒకటి ఎక్కువైతే రెండోది తగ్గుతుందనీ అనుకుంటాం. అవి రెండూ ఒకే చదువు. తన కష్టం విలువ తెలియనివాడికి ఇంకొకడి కష్టం విలువ తెలియదు. అలాంటివాడు ఇంకొకరికి దండం పెడితే పెట్టవచ్చు, దాని వెనక ఉండేది భయమో, అవసరమో.

దీనికి ఉదాహరణలు వెతుక్కుంటూ పోనక్కర్లేదు. జీతం బకాయిలు విడుదలైతే ఉద్యోగులు నాయకుడి ఫ్లెక్సీకి పాలాభిషేకం చేస్తారు. అవి వాళ్లు పనిచేసిన నెలల డబ్బులే. పంట అమ్మిన సొమ్ము ఆలస్యంగా చేతికొస్తే కృతజ్ఞతా సభ. బస్సులు వాళ్లే పెడతారు, భోజనం పొట్లాలు వాళ్లే ఇస్తారు, జనాన్ని తీసుకొచ్చి మనకు రావలసింది మనకిచ్చినందుకు మనచేతే చప్పట్లు కొట్టిస్తారు. ఏ పార్టీ వచ్చినా ఇదే తంతు కాబట్టి నన్ను ఎవరూ అపార్థం చేసుకోనక్కర్లేదు. పాలు పోసేవాణ్ణి నేను తప్పుపట్టను, రేపు వాడికి మళ్లీ పని పడుతుంది. పోయించుకునేవాడి సంగతే నాకు అర్థం కాదు. ఇక ఆ పాలు పితికి తెల్లవారుజామున కేంద్రానికి మోసుకొచ్చిన మనిషి ఆ ఫ్లెక్సీలో ఎక్కడా ఉండదు.

పొదుపు కథ కూడా చివరిదాకా తియ్యగా ఉందని చెబితే మాస్టారు ఒప్పుకోరు. సంఘాలు బాగా కడుతున్నాయని తెలిశాక ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు ఊళ్లలోకి దిగాయి. ఒక్కో ఇంటికి మూడు నాలుగు అప్పులు, వారం వారం కిస్తీ. కట్టలేని మనిషి ఇంటి ముందు సాటి ఆడవాళ్లనే కూర్చోబెట్టారు. ఆత్మహత్యలు జరిగాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. సంఘంలో నలుగురి ముందు నిలబడి సంతకం పెట్టిన పరువునే తాకట్టు వస్తువుగా వాడుకున్నారు. అప్పు తిరిగి కట్టడాన్నే మనిషి విలువగా కొలిచినప్పుడు ఇలాగే అవుతుంది. ఆ రోజుల్లో బ్యాంకుల్లో మేం కూడా వసూళ్ల శాతమే చూసేవాళ్లం, తీర్మానాల పుస్తకంలో చీర సంగతి ఏ నివేదికకూ ఎక్కలేదు.

కృతజ్ఞత బానిసత్వం కాకుండా ఎలా ఉంటుందో తెలియాలంటే నాకు కవి జాషువా గుర్తుకొస్తారు. 1895లో వినుకొండలో పుట్టారు. అంటరానితనం ఆయనకు పుస్తకాల్లో చదివిన విషయం కాదు, సభల్లో ముఖాన కొట్టిన విషయం. రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథా, సంభాషణలూ చదివి పొట్టపోసుకున్నారు, బడిపంతులుగా చేశారు, 'గబ్బిలం' రాశారు. పేదరికం, కులమత భేదం అనే రెండూ తనకు గురువులని చెప్పుకున్నారాయన. మొదటిది ఓర్పు నేర్పిందట, రెండోది ఎదిరించే శక్తి పెంచిందట. ఏ ఒక్కటీ తనను బానిసను చేయలేదని కూడా అన్నారు. తనను అవమానించినవాళ్లకు ఆయన కృతజ్ఞత చెప్పలేదు, చూడండి. ఆ అవమానంలోంచి తను పిండుకున్నదాన్ని మాత్రం తనదిగా లెక్క రాసుకున్నారు. అదే జాషువా కాలికి శతావధాని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన చేతులతో గండపెండేరం తొడిగారు. కులం నిచ్చెనలో పైమెట్టు మీదున్న పెద్దాయన వంగి కాలు పట్టుకుంటే ఎవరి గౌరవం తగ్గింది? ఇద్దరిదీ పెరిగింది. వేంకటశాస్త్రిగారికి తన పద్యం విలువ తెలుసు కాబట్టి జాషువా పద్యం విలువ తెలిసింది.

అలాంటి కృతజ్ఞత గోదావరి జిల్లాల్లోనూ ఉంది. అక్కడ కాటన్ దొర విగ్రహాలు చూసే ఉంటారు. 1847లో మొదలై 1852లో ఆయన పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత కరువు నేల డెల్టా అయింది. నదిలో స్నానం చేసి, తర్పణం వదులుతూ ఆయన పేరు తలచుకునేవాళ్లు ఉన్నారు. ఆ దొర ఏనాడో పోయాడు, ఆయన సర్కారూ పోయింది, ఇప్పుడు తలచుకుంటే వచ్చేదేమీ లేదు. ఎవరూ బస్సులు పెట్టి తీసుకురాని కృతజ్ఞత అది, అందుకే నాకు గౌరవం. అయితే ఆ ఆనకట్ట దగ్గరే పనిచేయించిన వీణం వీరన్న పేరు ఆ విగ్రహాల ఊళ్లలోనే ఎంతమందికి తెలుసు? ఇక రాళ్లు మోసిన వేలమంది కూలీల పేర్లు అడగనే వద్దు. మన కృతజ్ఞత ఎప్పుడూ పైకే పోతుంది, గుర్రం మీద ఉన్నవాణ్ణి దాటి కిందికి దిగదు.

కరోనా వచ్చిన కొత్తలో, 2020 మార్చి 22 సాయంత్రం అయిదు గంటలకు మనమంతా గుమ్మాల్లో నిలబడి వైద్యసిబ్బందికి చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. పళ్లేలు మోగించినవాళ్లు కూడా ఉన్నారు. ఆ తర్వాత ఆశా కార్యకర్తలు, పారిశుద్ధ్య కార్మికులు జీతాల కోసం ధర్నాలు చేసిన రోజున మనలో ఎందరు అటువైపు వెళ్లారు? ట్రాఫిక్ ఆగిందని విసుక్కున్నవాళ్లే ఎక్కువ. చప్పట్లకు ఖర్చు లేదు. ఆ పదిహేను మంది ఆడవాళ్లు తమ వడ్డీ డబ్బుల్లోంచి చీర కొన్నారు, పుస్తకంలో రాసి కొన్నారు.

కాబట్టి ఈ ఉపన్యాసం విని మీరు ఇంటికెళ్లి మేళ్ల జాబితా రాసుకోమని నేను అడగను, రాసుకుంటే వద్దనను. నేను అడిగేది ఇంకొకటి. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది ఇళ్లలో అంట్లు తోమి, ఇల్లు తుడిచే మనిషి ఒకరుంటారు. మనం ఉద్యోగాలు చేసిన రోజుల్లో మనకు ఆదివారం సెలవు, పండగ సెలవు, జ్వరమొస్తే జీతంతో సెలవు ఉండేవి. వాటిని ఎవరూ దయతలచి ఇచ్చారని మనం అనుకోలేదు, మన హక్కు అనుకున్నాం, అది సబబే. ఆ మనిషికి రేపటి నుంచి వారానికో రోజు సెలవు ఇవ్వండి, జీతం కోయకుండా. ఆ రోజు ఏదో ఆమెనే చెప్పమనండి. ఇస్తున్నట్టు కాక, ఆమెకు రావలసింది అన్నట్టు ఇవ్వండి. చెబితే చెల్లదు, కాగితం మీద రాయండి. ఆమెకు సంతకం వస్తే ఆమె చేత పెట్టించండి. రాకపోతే ఈ గ్రంథాలయంలో సాయంత్రం తరగతి మళ్లీ మొదలుపెట్టడానికి మాస్టారి స్మారక నిధిలో డబ్బుంది, చదువు చెప్పడానికి రిటైరైన పంతుళ్లు ఈ వరసల్లోనే ముగ్గురు నలుగురు కనబడుతున్నారు. నిర్వాహకులు ఈ సభ ముగిసేలోపు ఆ సంగతి తేల్చాలని కోరుతున్నాను.